మగ్గం మీద గుడ్డ

ముసలాయన షెడ్డు గుమ్మంలో చెప్పులు విడిచేలోపే శివకామి మగ్గం మీద గుడ్డ కప్పేసింది.

రాజపాళయంలో ఆ వీధివాళ్ళకది పుట్టుకతో వచ్చిన అలవాటు. కొత్త మొహం కనిపిస్తే చాలు, మగ్గం మీదికి గుడ్డ వెళ్ళిపోతుంది. వెనకటికి ఎవడో వచ్చి, చూసి, మెచ్చుకుని వెళ్ళి, అదే నేత ఈరోడ్ సంతలో అమ్ముకున్నాడట. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

శివకామి మరమగ్గాల మీద నేయించేది ఆసుపత్రులకు వెళ్ళే బ్యాండేజీ గుడ్డ. ఒక పొర వేస్తే అవతలిదంతా కనిపిస్తుంది. అందుకని మడతలు వేసి మరీ కప్పింది.

అసలు ఆమె దాచింది మగ్గాన్ని కాదు, దానికి తగిలించిన చిన్న పెట్టెని.

కూతురు యువశ్రీ చేసిన పెట్టె అది. దారం తెగితే వెంటనే ఫోనుకు కబురు పంపుతుంది, ఏ కంపెనీ మగ్గమైనా సరే. పనివాళ్ళు తిరుప్పూరు మిల్లులకు వెళ్ళిపోయాక కూడా శివకామి ఒంటిచేత్తో షెడ్డు నడుపుతోందంటే ఆ పెట్టె పుణ్యమే. వీధిలో మిగతా షెడ్లవాళ్ళూ దాన్నే పెట్టించుకున్నారు.

ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ నోటీసు పంపింది. మగ్గం అలా కబురు పంపే పద్ధతి తమదట. పేటెంటు కూడా వచ్చేసిందట. పెట్టెలన్నీ పీకేయాలట.

పీకేస్తే షెడ్డుకు తాళమే.

"ఆ పద్ధతి నేను కనిపెట్టింది కాదుమ్మా. ఎప్పుడో ఎవరో రాసి, అందరూ వాడుకోండని నెట్‌లో పెట్టేసినారు. అది చూసి చేసినాను" అంది యువశ్రీ.

"అదే చెప్పు వాళ్ళకు."

"రాసింది ఎవరో తెలిస్తే కదా. పేరు కూడా పెట్టుకోలేదు ఆ మనిషి. కంపెనీ కంటే ముందే రాసినానని ఆయనే వచ్చి రుజువు చూపితే పేటెంటు నిలవదంట. వక్కీలు చెప్పినాడు. నెట్‌లో అందరినీ అడుగుతా ఉండాను."

ఆ పనిమీదే ఆవేళ వకీలును కలవడానికి ఆమె మదురై వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఈ ముసలాయన దిగాడు. కంపెనీ మనిషి కాక ఇంకెవరు?

"ఎవరు కావాలయ్యా?"

"యువశ్రీ అనే పిల్ల..."

"ఊళ్ళో లేదు."

"పరవాలేమ్మా. మగ్గానికి ఏదో పెట్టె పెట్టినారంట. ఒక తూరి చూడొచ్చునా?"

"మీదే ఊరు?"

"పక్కనుండే చోళపురమే. చాలా కాలం బయట ఉంటిని. పేరు శ్రీరంగ."

చోళపురం వాళ్ళు పత్తి ధర అడుగుతారు గాని పెట్టెల సంగతి అడగరు. శివకామికి అనుమానం గట్టిపడింది.

"దారం తెగితే అది ముందు మగ్గం పేరు చెప్తుందా, టైమ్ చెప్తుందామ్మా?"

"నాకేం తెలుసయ్యా. కాప్పి తాగండి."

శత్రువైనా సరే, గడప దాకా వచ్చినవాణ్ణి ఊరికే పంపే మనిషి కాదు శివకామి. బయట స్టూలు వేసి కూర్చోబెట్టింది.

కాఫీ తాగుతున్నాడన్న మాటేగాని ఆయన చూపు లోపలే ఉంది. గుడ్డ మడతల్లోంచి కూడా పెట్టె మీది పచ్చ లైటు మిణుకుమంటోంది. అది చూసి శివకామి లేచివెళ్ళి ఇంకో మడత వేసింది.

ముసలాయన నవ్వాడు.

"నేను ఎందుకు వచ్చినానంటేమ్మా..."

"చోళపురం బస్సు వచ్చే టైమయ్యా. అది తప్పితే చాలాసేపు నిలబడాల."

ఆయన గ్లాసు జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కూతురు రాగానే శివకామి గొప్పగా చెప్పింది.

"కంపెనీవాడు ఒకడు వేగు చూడను వచ్చినాడు. ఏమీ చూపకుండా పంపేసినాను."

"మంచి పని చేసినావు" అంది యువశ్రీ.

చెన్నైలో విచారణ రోజున శివకామికి ముద్ద దిగలేదు. మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి గాని ఆమె చెవులు ఫోను మీదే ఉన్నాయి. చివరికి అది మోగింది. వకీలు లక్ష్మణన్.

"పేటెంటు రద్దమ్మా. ఎవరూ పెట్టెలు పీకక్కర్లేదు."

శివకామి గుండెల మీది బరువంతా దిగిపోయింది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. వీధి వీధంతటినీ పిలిచి కాఫీ పోయాలనిపించింది.

"రాసినాయన దొరికినాడా సార్?" యువశ్రీ ఫోను లాక్కుని స్పీకరులో పెట్టింది.

"మనం ఎక్కడ పట్టినాం? నువ్వు నెట్‌లో అడిగింది చూసి ఆయనే వచ్చినాడు. ఎప్పుడు రాసినాడు, ఎక్కడ పెట్టినాడు, అన్నీ రుజువుతో చూపించినాడు."

"ఆయన్ని మా ఇంటికి తీసుకరండి సార్. అమ్మ చేత్తో అన్నం పెట్టాల."

"ఎక్కడ? విచారణ అవుతానే వెళ్ళిపోయినాడు. నంబరు అడిగితే, పని అయిపోయింది కదా, ఇంక నాతో ఏముంది అన్నాడు."

శివకామికి మనసులో కాస్త వెలితిగా అనిపించింది. అంత మేలు చేసినవాడికి ఒక దండం పెట్టే దారి కూడా లేకపోయె.

"ఒక మాట మాత్రం నాకు అర్థం కాలేదమ్మా" అన్నాడు లక్ష్మణన్. "మీ పద్ధతి ఎక్కడైనా నడస్తా ఉంటే మీరు కళ్ళారా చూసినారా అని కంపెనీ వక్కీలు ఆయన్ని ఎగతాళిగా అడిగినాడు."

"ఏం చెప్పినాడు?" అంది శివకామి.

"చూద్దామనే రాజపాళయం పోయినాను, కాప్పి బాగుండింది, పెట్టె మీద మాత్రం బ్యాండేజీ గుడ్డ కప్పి ఉండింది అన్నాడు."