మాట్లాడాల్సిన మిషను

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది మనవళ్లు పుట్టాకే. ఒత్తులు తప్పుతాయి, చెయ్యి నిదానం. సర్దుకుని చదవండి.

"మళ్లీ పాస్‌వర్డే అడుగుతోంది జయక్కా!" నస్రత్ కీబోర్డును అవతలికి నెట్టింది.

"ఆ పాస్‌వర్డు కంప్యూటరు పెట్టిన గుంటూరు వాళ్ల దగ్గరుందమ్మా. లైబ్రేరియన్ని, నాకే ఇవ్వలేదు" అంది జయకుమారి.

అద్దంకి లైబ్రరీలో సాయంత్రం పూట పెద్దవయసు ఆడవాళ్లకు నస్రత్ అక్షరాలు నేర్పుతుంది. మిరపకోతలు మొదలయ్యేసరికి ఒక్కొక్కరే మానేస్తున్నారు. టైపు చేసిన తెలుగును పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఉందని, ఇవాళ వినిపిస్తానని చెప్పి మిగిలినవాళ్లను ఆపింది.

"ఇవాళ మిషను మాట్లాడకపోతే రేపట్నించి కోతకే పోతామే" అని సొంత నానమ్మ మౌలాబీయే తేల్చేసింది.

తీరా ఆ సాఫ్ట్‌వేర్ తయారుగా దొరకదు. దాని మూలరూపం, సోర్స్ కోడు, తెచ్చుకుని ఈ కంప్యూటర్లోనే తయారు చేసుకోవాలి.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన. కంటి ఆపరేషనై నల్లద్దాలు పెట్టుకున్నాడు. కనిగిరి బస్సు వచ్చేదాకా ఫ్యాను కింద కూర్చుంటానని వచ్చాడు.

"ఏం పాపా, మిషను మీద అంత కోపం?"

"మీకు చెప్పినా తెలీదులే తాతా."

"తెలీకపోతే మానె, చెప్పు. నాకూ పొద్దుపోవద్దూ?"

చెప్పింది.

"మిరపకాయలు ఆరబోయడానికి మోతుబరి కల్లమే కావాలా? మీ వాకిట్లో పట్టా పరుచుకోకూడదూ?"

"అంటే?"

"అందరి ఫోల్డర్లో పెట్టబోతే తాళం అడుగుతుంది. మొదలుపెట్టకముందే నీ సొంత ఫోల్డర్లో పెట్టమని దానికి చెప్పు. అక్కడ నువ్వే మోతుబరివి."

నస్రత్ అలాగే చేసింది. తెర నిండా అక్షరాలు పరుగెత్తి, టక్కున ఆగిపోయాయి.

"ఎర్రర్ అంటోంది తాతా."

"ఏమని?"

"ఎర్రర్ అనే!"

"చివరి ముక్క కాదమ్మా. పైకెళ్లి, మొదట ఎక్కడ తడబడిందో అక్కడ చదువు. డాక్టరు కళ్లు మూసుకోమంది నన్ను, నిన్ను కాదుగా!"

జయకుమారి ఫక్కున నవ్వింది. నస్రత్‌కు ఉక్రోషం వచ్చింది. "ఊహించకు నానమ్మా, కూడబలుక్కుని చదువు" అని నిన్న మౌలాబీని కసిరింది తనే మరి.

చదివింది. శబ్దానికి సంబంధించిన ఇంకో సాఫ్ట్‌వేర్ దొరకలేదట.

"దాన్నీ తెచ్చి నీ ఫోల్డర్లోనే తయారుచేసుకో. ఆనక దీనికి చూపించు, ఇదుగో ఇక్కడుందని."

ఈసారి అక్షరాలు ఆగకుండా పరుగెత్తాయి. అది ఎంతకీ తెమలడం లేదు. బయట బస్సు హారను కొట్టింది. పెద్దాయన సంచి భుజాన వేసుకున్నాడు.

"అంతా అయ్యాక పేరు పెట్టి పిలిస్తే, అట్టాంటిది లేదంటుంది. కంగారుపడొద్దు. వెతికే చోట్లలో నీ ఫోల్డరు కూడా చేర్చు. మీ ఇల్లెక్కడో చెప్పకపోతే అదెట్టా వెతుక్కుంటది?"

"కాసేపాగి వినిపోండి తాతా."

"నేను వినేదేముందిలే. మీ ఆడవాళ్లకు వినిపించు. ఉంటా పాపా."

"ఊఁ" అంది నస్రత్, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఆడవాళ్లు వచ్చారు. మిషను పెద్దాయన చెప్పినట్టే మొండికేసింది, ఆయన చెప్పినట్టు చేస్తే దారికొచ్చింది.

"నీ పేరు కొట్టు నానమ్మా."

మౌలాబీ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.

"మౌలాబీ" అంది మిషను, చివర్న కాస్త సాగదీసి.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకోసారి అనమనవే! రేపు వీళ్లందరి పేర్లూ అనాలి."

లోపలి గదిలోంచి జయకుమారి కేకేసింది. "ఏమే నస్రత్, ఆ పెద్దాయన బస్సెక్కలేదా? మాట వినపడుతోంది!"

నస్రత్ గిర్రున తిరిగింది.

పక్క కుర్చీ ఖాళీగా ఉంది; పొద్దుట్నించీ తను నోరు తెరిపించాలని తంటాలు పడిన ఆ మిషనుకు గొంతిచ్చింది ఆయనే.

ఖైరున్నీసా, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు పర్చూరులో ఉంటున్నాను.