మూడు వరసల కుండీలు

ఆఖరి మొగ్గ గిల్లి గుప్పిట్లో దాచుకుని, కోడలు వెనక్కి తిరిగి చూసింది. అత్తయ్య గది తలుపు ఇంకా వేసే ఉంది. నిన్న సాయంత్రం నాలుగు కుండీల్లోనూ కలిపి పదిహేను నీలి మొగ్గలు లెక్కపెట్టుకుంది. తీరా తెల్లవారి చూస్తే ఆరే ఉన్నాయి. మిగతావి నత్తలు తినుంటాయి. పుణ్యం కట్టుకున్నాయి, ఆ మేరకు పాపం తగ్గింది అనుకుంది.

"ఏమ్మా, ఇంకా పూయలేదా?" పక్కవాటా పెద్దాయన గోడ మీంచి తొంగిచూశాడు. "గడ్డలు కుళ్ళిపోయాయేమో. ఒకటి తవ్వి చూడరాదూ?"

"వద్దు బాబాయిగారూ. ఆయనొచ్చి చూసుకుంటారు."

ఆయన ఓడలో వంటవాడు. సెలవైపోయి వెళ్ళే ముందురోజు, చిన్నుల్లిపాయల్లాంటి ఆ పూలగడ్డల్ని ఒక్కో కుండీలో మూడు వరసలుగా పాతాడు. "పై వరస వాడేసరికి నడిమిది లేస్తుంది, అదయ్యాక అడుగుది. చలి తగ్గి మొదటి పువ్వు పూసేసరికి ఇంట్లో ఉంటానమ్మా," అని తల్లి చేతిలో చెయ్యేసి మరీ చెప్పాడు.

ఓడ మునిగిందనీ, ఎవరూ దక్కలేదనీ కోడలికి ఫోనొచ్చి పన్నెండు రోజులైంది. అప్పటికి అత్తయ్య గుండె ఆపరేషనై మూడు రోజులు. "నెల్లాళ్ళు ఆవిడ చెవిన ఏ చెడుకబురూ పడకూడదు," అన్నాడు డాక్టరు. పువ్వు కనబడిందంటే ముసలావిడ "వాడేడీ?" అంటుంది. అందుకే కోడలు రోజూ మొగ్గలు తుంచేస్తోంది. ఒక వరస తుంచితే కింద నుంచి ఇంకో వరస లేస్తోంది. ఆయన పాతినవాటిని తన చేత్తో గిల్లుతుంటే కడుపు తరుక్కుపోతోంది. ఆ కడుపులోనే ఐదో నెల. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తోంది.

మొగ్గల్ని చెత్తబుట్ట అడుక్కి నెట్టి, కాఫీ పట్టుకెళ్ళింది.

"పూలు ఇంకా రాలేదత్తయ్యా," అడక్కముందే చెప్పేసింది.

"పోనీలేవే. మొండిగడ్డలు. వాడు మాత్రం చెప్పిన వేళకి ఎప్పుడొచ్చాడు గనక?" అత్తయ్య నవ్వింది. "నువ్వు ముందు ఏదన్నా తిను. వట్టి మనిషివి కావు. ఇంకో నాలుగు నెలలు గుండె నిబ్బరంగా ఉండాలి."

"నా సంగతెందుకు, మీరు జాగ్రత్త."

"ఆ కుళాయి కూడా అంతంతసేపు వదిలెయ్యకు తల్లీ."

నీళ్ళు వృథా అంటోందనుకుని కోడలు తలూపింది. "లేవండి, దిండు గలీబు మారుస్తాను. ఆస్పత్రి నుంచి వచ్చి వారమైంది, ఒక్కసారీ మార్చనివ్వలేదు."

"రేపు చూద్దాంలే." అత్తయ్య దిండు మీద చెయ్యేసింది.

"రోజూ ఇదే మాట. మాసిన గుడ్డలు ఉండకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మీరు మొహం కడుక్కు రండి."

అత్తయ్య కాసేపు ఆమె మొహంలోకే చూసి, గోడ పట్టుకుని నడిచింది.

కోడలు గలీబు లాగి దులిపింది.

గుప్పెడు నీలి మొగ్గలు, వడిలిపోయినవి, నేలమీద రాలాయి.