మూడో నంబరు ఆకు

సుక్కమ్మ నాలుగు దొప్పలు బల్ల మీద పెట్టింది. ఒక్కో దొప్పలో నిమ్మకాయంత ఆకు ముద్ద. నాలుగూ పచ్చగా ఒకే తీరుగా ఉన్నాయి.

"ఇవి ఏ ఆకులమ్మా?" అన్నాడు డాక్టరు.

"పేరు జెప్తే గుణం పోతది సారు."

డాక్టరు బెజవాడ మనిషి. పోలీసు చర్య ముగిశాక కోదాడ మీదుగా సూర్యాపేటకు వచ్చాడు. డేరాలు, రెండు గదులు కలిపి నడుపుతున్న ఈ తాత్కాలిక దవాఖానలో ఏడాదిగా ఉంటున్నాడు. పెన్సిలిన్ సూదులు సిపాయిలకే చాలడం లేదు. ఖైదీలకు ఇవ్వొద్దని ఉత్తర్వు. అందుకే, ఆత్మకూరు వైపు గొర్లకూ మనుషులకూ పుండ్లు మాన్పుతుందని పేరున్న సుక్కమ్మ వచ్చి, కొడుకు కాలికి తానే కట్టు కడతానంటే కాదనలేదు. అయితే ఆకులను ముందు తాను పరీక్షించాలన్నాడు.

పేర్లు చెప్పలేదు కాబట్టి దొప్పలకు నంబర్లు వేశాడు.

కొడుకు బీరయ్య లోపలి గదిలో ఉన్నాడు. ఇరవై రెండేళ్లవాడు. దళంలో ఉండగా మోకాలి కింద తూటా దిగింది. తూటా తీశారు గాని పుండు చీము పట్టింది. ఎడమ చెయ్యి గొలుసుతో మంచానికి కట్టి ఉంది.

డాక్టరు ఆ చీమును దూదిపుల్లతో తీసి, నాలుగు గాజు పళ్లేల్లో గడ్డకట్టించిన మాంసపు రసం మీద పూశాడు. ఒక్కో పళ్లెంలో ఒక్కో ఆకు రసం చుక్క వేసి మూతపెట్టాడు. మూడో రోజు సుక్కమ్మను పిలిచాడు.

మూడు పళ్లేల్లో తెల్లటి పొర అంతటా పాకింది. మూడో నంబరు పళ్లెంలో మాత్రం చుక్క చుట్టూ రూపాయి బిళ్లంత మేర శుభ్రంగా ఉంది.

"చూశావా? ఇక్కడ పురుగు చచ్చింది. రోజూ ఇదే కట్టు. నెల తిరక్కుండా పుండు మానుతుంది."

సుక్కమ్మ ఆ పళ్లేన్ని చాలాసేపు చూసింది. మిగిలిన మూడింటినీ అంతసేపూ చూసింది. ఏవేవి పనిచేయవో ఇంకోసారి చెప్పమంది. చదువు లేకపోయినా ఎంత శ్రద్ధ అనుకున్నాడు డాక్టరు.

ఆ రోజు నుంచి పొద్దెక్కేసరికి ముద్ద నూరుకుని వచ్చేది. గుమ్మం దగ్గర కాపలా ఉండే గౌరయ్య దొప్పలోకి తొంగిచూసేవాడు.

"ఏం పెద్దమ్మా, ఇయ్యాల గూడ పచ్చడేనా?"

"ఔ బిడ్డా. నీగ్గూడ ఒక ముద్ద వెట్టాల్నా?"

లోపలికి వెళ్లి కట్టు విప్పి, ఉప్పునీళ్లతో కడిగి, ముద్ద అద్ది మళ్లీ కట్టేది.

పుండు మానలేదు. పెరగనూ లేదు. సోమవారం సోమవారం జీపులో ఒక అధికారి వచ్చి, మానిందా అని డాక్టరును అడిగేవాడు. ఇంకా లేదని డాక్టరు తలదించుకునేవాడు.

ఇరవయ్యో రోజున బీరయ్య ఒళ్లు కాలిపోయింది. మాట తడబడింది. ఇట్లాగే ఉంటే కాలు తీసేయాలని, అప్పటికీ ప్రాణానికి పూచీ లేదని డాక్టరు చెప్పాడు. సుక్కమ్మ బయటికి వెళ్లి, గంటలో కొత్త ముద్దతో తిరిగొచ్చింది. రెండు రోజులకు జ్వరం దిగింది. చీము తగ్గింది. డాక్టరు సంబరపడి పుస్తకంలో రాసుకున్నాడు. వారం తిరిగేసరికి పుండు మళ్లీ మొదటికొచ్చింది.

"మంట అయితందే అవ్వా."

"కానియ్ బిడ్డా. ఓర్సుకో."

ముడి వేశాక అతని పాదం రెండు చేతులతో పట్టుకుని అట్లాగే కూర్చుంది.

ముప్పై తొమ్మిదో రోజున డాక్టరు పుస్తకం తెరిచి మూడో నంబరును అడ్డంగా కొట్టేశాడు.

"పళ్లెంలో చచ్చిన పురుగు మనిషి ఒంట్లో చావట్లేదమ్మా. ఈ ఆకు పనికిరాదు. వేరేవి ఇంకో నాలుగు తీసుకురా. మళ్లీ మొదట్నుంచి చూద్దాం."

"తెస్త సారు."

ఖాళీ దొప్ప తీసుకుని ఆత్మకూరు బాటన నడిచింది.

పుండు మానిన మర్నాడే బీరయ్యను ఉరితీస్తారని వచ్చిన రోజే తెలుసుకున్న సుక్కమ్మ, ఈ ముప్పై తొమ్మిది రోజుల్లో మూడో నంబరు ఆకు కట్టింది ఒక్కసారే, అతనికి జ్వరం తలకెక్కిన నాడు.