ఆటల ఫోనులో అన్నయ్య

ట్రామ్ తలుపులు మూసుకునే లోపే ఆ నల్లకోటు మనిషి కూడా ఎక్కేశాడు. కావ్యశ్రీ సంచీని గట్టిగా దగ్గరకు లాక్కుంది.

జర్మనీలోని కార్ల్స్‌రూహెకు ఎమ్మెస్ చదవడానికొచ్చి ఎన్నాళ్లో కాలేదు. పాత సామాన్ల సంతలోంచి బయటపడ్డప్పటి నుంచీ అతను వెంటే ఉన్నాడు. వెనకనుంచి ఏదో కేకేశాడు కూడా. ఆమె నడక పెంచితే అతనూ పెంచాడు. దిగాల్సింది ఊరి చివరి స్టాపులో. ఈ చలికి అక్కడ నరమానవుడు కనబడడు. తన మొబైల్ చూస్తే చార్జింగ్ అయిపోయి చచ్చి కూర్చుంది.

ఇక సంచీలో మిగిలింది సంతలో కొన్న పాత ఫోనొక్కటే. వీడియో గేములు ఆడుకోవడానికని ఇరవయ్యేళ్ల కిందట వచ్చిన రకం. కరీంనగర్‌లో ఉన్న అన్న అఖిలేష్ చిన్నప్పుడు దానికోసం అన్నం మానేసి ఏడ్చాడు. వాడికి పంపుదామనే కొంది. అమ్మిన ముసలమ్మ ఓపిగ్గా అన్నీ చూపించింది. ఆట మార్చాలంటే వెనక మూత ఊడదీసి బ్యాటరీ తీయాలట. మాట్లాడాలంటే ఫోను అంచును చెవికి ఆనించాలట.

కావ్యశ్రీ అంచును చెవికి ఆనించింది. లోపల సిమ్ లేదని తనకు తప్ప ఎవరికి తెలుసు?

భయంలో జర్మన్ ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. “అన్నా, స్టాపు కాడికి రా. అంగడి కాడికెల్లి ఒకడు నా ఎన్కనే వస్తుండు. పొలిట్సైకి గూడ చెప్పు,” అంది, పోలీసు మాటను మాత్రం గట్టిగా నొక్కి.

పాచిక పారింది. దగ్గరకు రాబోతున్న మనిషి టక్కున ఆగి, ఎదుటి సీట్లో కూర్చున్నాడు. కుడిచెయ్యి మాత్రం కోటు జేబులోంచి తీయలేదు. చూపు ఆమె ఫోను మీంచి కదల్చలేదు.

ఫోను దించితే లేస్తాడు. అందుకని ఆమె ఆపకుండా మాట్లాడింది. అమ్మ మోకాళ్ల నొప్పులడిగింది, వదిన ఏం కూర వండిందో అడిగింది, మధ్యమధ్య జవాబు విన్నట్టు తలూపింది.

చివరి స్టాపు వచ్చింది. ఆమె లేచింది. అతనూ లేచి దారికి అడ్డంగా నిలబడి, జేబులోంచి పిడికిలి తీశాడు. కావ్యశ్రీ ఒక అడుగు వెనక్కేసింది.

“మీకు ఫోను అమ్మిన మా అమ్మకు మతిమరుపు,” అన్నాడతను, పక్కవాళ్లకు వినబడకుండా. “మీరు ఫోను మాట్లాడుతుంటే అడ్డు రావడమెందుకని ఆగాను.”

ఆయన అరచేతిలో ఆ పాత ఫోను బ్యాటరీ ఉంది.