మూడో తాళంచెవి

"ఈ కారుకున్నవి రెండే తాళంచెవులు. ఒకటి నా జేబులో ఉంది, రెండోది నీ దగ్గరుంది. అద్దం పగల్లేదు, తలుపు మీద గీతైనా పడలేదు. మరి కారెలా పోయింది?"

తాళాల మేస్త్రి వాకిట్లో నిలబడి అల్లుణ్ణి నిలదీస్తున్నాడు. నిన్నటిదాకా 'మీరు' అన్న నోటితోనే ఇవాళ 'నువ్వు' అనేశాడు. ఆ పిలుపుకే అల్లుడి మొహం మాడిపోయింది.

"నా తాళంచెవి మేడ మీద మా గదిలోనే ఉంది మామయ్యా. తెచ్చి చూపించాను కదా."

"ముప్పై ఏళ్లుగా తాళాలు చేస్తున్నాను. నా చెవిలో పువ్వు పెట్టకు."

"అమ్మకానికి ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడే వద్దన్నాను, విన్నారా? ఇంటి అడ్రసు పెట్టించారు. 'నేను పగలంతా దుకాణంలో ఉంటాను, కారు గుమ్మం ముందే ఉంటుంది, ఎప్పుడైనా వచ్చి చూసుకోండి' అని రాయించారు. పైగా రెండు తాళంచెవులూ ఉన్నాయని తెలియాలంటూ వాటిని బానెట్ మీద పెట్టి దగ్గరగా ఫోటో తియ్యమన్నారు. ఆ ఫోటో చూపించి ఎవడో మూడోది చేయించుకుని ఉంటాడు."

"ఫోటో చూసి తాళంచెవి చెయ్యడమంటే మాటలనుకున్నావా? చేతనైనవాడు వందమందిలో ఒక్కడుంటాడు. ఆ ఒక్కడూ పోయి పోయి దొంగకి చేసిపెడతాడా? నువ్వే ఎవడి చేతికో ఇచ్చావు."

అనకూడని మాట అననే అన్నాడు. మేస్త్రి కోపం అలాంటిది, నోరు ముందు, బుర్ర తర్వాత. మెట్ల మీద నిలబడి అంతా వింటున్న కూతురు పైకి వెళ్లింది. అరగంటలో రెండు సూట్‌కేసులతో దిగింది.

"ఆయన్ని దొంగన్నాక మేమిక్కడ ఎలా ఉంటాం నాన్నా? వెళ్తున్నాం."

ఎప్పుడూ 'వెళ్లొస్తాం' అనే పిల్ల. మేస్త్రి ఆపాలనుకునేలోపే ఇద్దరూ టాక్సీ ఎక్కేశారు.

టాక్సీ మలుపు తిరిగిందో లేదో, కానిస్టేబుల్ వచ్చాడు.

"మీ కారు దొరికిందండీ. పెట్రోలు అయిపోయి ఊరి చివర ఆగిపోయింది. దొంగ దిగి పారిపోయాడు. ఇదిగో, దీంతో నడుపుకుపోయాడు."

ప్లాస్టిక్ కవర్లో కొత్త తాళంచెవి. మూడోది. అల్లుడు చెప్పిందే నిజం. ఎంత మాటన్నాను బంగారంలాంటి మనిషిని అనుకున్నాడు మేస్త్రి. తప్పయిపోయిందంటే వెనక్కి రాకపోతారా అని వెంటనే కూతురికి ఫోన్ కలిపాడు.

కానిస్టేబుల్ తన ధోరణిలో తను చెప్పుకుపోతున్నాడు. "ఇది చేసినవాడు దొరికితే దొంగ జాడ దొరికినట్టే. మీరూ ఈ పనిలో ఉన్నవారే కదా, ఎవరి పనితనమో చెప్పగలరా?"

మేస్త్రి కళ్లజోడు సర్దుకుని కవరును వెలుతురులోకి తిప్పాడు. పళ్ల మీద ఆకురాయి గీతలను ఒక్కొక్కటే చూశాడు. చూస్తూ చూస్తూ అరుగు మీద కూలబడ్డాడు.

"ఏంటి నాన్నా? చెప్పు," ఫోన్‌లో కూతురు అంటోంది.

"సోమవారం ఎవరో వచ్చి, ఫోన్‌లో తాళంచెవి ఫోటో చూపించి అడిగితే... నేనే చేసిచ్చానమ్మా."