గడప చూపు

ఇప్పుడు బడైనా, ఫ్యాక్టరీ అయినా గడపే కాలిగోళ్లు చూస్తుంది. గోటికి ఫంగస్ ఉందా, తగ్గేదాకా లోపలికి రానివ్వదు.

రొయ్యల షెడ్డులో రోజంతా తడిబూట్లతో నిలబడే నూకరత్నానికి బొటనవేలి గోరు పసుపురంగుకి తిరిగి పొరలూడుతోంది. డాక్టరు దగ్గరికెళ్తే షెడ్డువాళ్లకి తెలిసిపోయి పని పోతుంది. అందుకే కాళ్లకి పసుపు దట్టంగా పట్టించి, ఊపిరి బిగబట్టి షెడ్డు గడప తొక్కింది. తలుపు తెరుచుకుంది. పసుపు కాళ్లంటే గడపక్కూడా గౌరవమే!

సాయంత్రం ఇంటికొస్తే కూతురు లహరి మూల కూర్చుని ఉంది.

"బడి గడప నన్ను రానివ్వలేదమ్మా."

నూకరత్నం గబుక్కున దాని పాదం ఒళ్లోకి లాక్కుంది. అదే రంగు. ఇంట్లో ఉన్నది ఒక్కటే నెయిల్ కట్టర్. ప్రతి ఆదివారం తన గోళ్లు తీసుకుని, దాంతోనే పిల్లకీ తీసేది.

"పొద్దున నువ్వు రాసుకున్నట్టు నాకూ పసుపు రాయమ్మా. నిన్ను రానిచ్చింది కదా!"