ఆఖరి బండి

కూతురు తనని మరిచిపోతుందేమో. ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది అదే.

పిల్లకి రెండేళ్లు. లాండ్రీలో ఆమె పని, దాని వెనకగదిలోనే కాపురం. ఆ ఆవిరికి పిల్లకి దగ్గు పట్టుకుని వదలకపోతే, చనిపోయిన భర్త అక్క వచ్చి ఎత్తుకుపోయింది.

"నా దగ్గర ఉండనీ. గాలాడే గది దొరికిన రోజు వచ్చి తీసుకుపో," అంది వదిన.

గది ఒకచోట ఉంది. గోదాములో కాపలా పనికి చేరితే గేటు పక్కనే ఇస్తారు.

"ఏం చదివావు?" అన్నాడు అక్కడి సూపర్‌వైజరు.

"తొమ్మిదిలో మానేశానండీ."

"చదువు లేకపోతే కాళ్లయినా ఉండాలిగా! దొంగ పారిపోతుంటే టాటా చెబుతావా? పది కిలోమీటర్ల పందెం పూర్తిచేసిన పతకం తెచ్చి చూపించు. నెలాఖరు దాకా చూస్తాను."

ఆ నెలలో ఊళ్లో రెండు పరుగు పందేలున్నాయి.

మొదటిదాంట్లో సగం దారిలోనే ఆఖరి బండి ఆమెని అందుకుంది. పందెంలో అందరి వెనకాలా వచ్చే వ్యాను అది. దాని ముందు ఉన్నంతసేపే పందెం. అది అందుకుందా, ఎక్కి కూర్చోవలసిందే. పతకం ఉండదు.

వెనకసీట్లో అప్పటికే ఒక ముసలాయన ఉన్నాడు. చెమటతో తడిసి, కాళ్లు చాపుకుని.

"ఏమైందమ్మా?" అన్నాడు డ్రైవరు.

అంతే, ఆమెకి ఏడుపు ఆగలేదు. పిల్ల, దగ్గు, గది, పతకం, అన్నీ వెళ్లబోసుకుంది.

ముసలాయన అంతా విని, "కాస్త జరుగు తల్లీ, కాళ్లు పట్టడం లేదు. నాకీ సీటు అలవాటే," అన్నాడు.

ఆమెకి ఒళ్లు మండింది.

పందెం ముగిసే గీత దగ్గర బండి దిగుతుంటే, చూడ్డానికొచ్చిన వదిన చంకలో ఉన్న పిల్ల చప్పట్లు కొట్టింది. ఆమె చేతులు చాపింది.

పిల్ల వదిన మెడ కరుచుకుని, "అమ్మా, బండీ!" అంది.

ఆ అమ్మ తను కాదు.

"పసిపిల్ల, దానికేం తెలుసు," అంటూ వదిన తల దించుకుంది.

ఆ మర్నాటి నుంచి ఇస్త్రీ బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ పరుగే.

"మెల్లిగా పోవే అమ్మాయ్, బట్టలెత్తుకుని పారిపోతున్నావనుకుంటారు!" అని లాండ్రీ యజమాని నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

రెండో పందెంలో మొదటి మలుపు తిరగ్గానే వెనకనుంచి అదే గొంతు.

"ఏం తల్లీ, పెళ్లినడకా? సీటు తుడిచి పెట్టమని చెప్పనా?"

అదే ముసలాయన. ఆయన వెనకాలే బండి.

"నీ సీటు నువ్వు చూసుకో తాతా!"

పళ్లు బిగించి పరిగెత్తింది. డొక్కలో పోటు. ముందున్నవాళ్లు ఎప్పుడో కనుమరుగయ్యారు. హారను దగ్గరయిన ప్రతిసారీ ఆమె గుండె జారిపోయేది. వెంటనే ముసలాయన కేక.

"ఆగవయ్యా బాబూ, లేసు ఊడింది! కట్టుకోనీ!"

మెడ తిప్పి చూస్తే నడిరోడ్డు మీద వంగి కనిపించేవాడు. హారను మోగేది. ఆయన తాపీగా లేచేవాడు. కొంతదూరం పోయాక మళ్లీ అదే కేక, అదే వంగడం.

లేసు కట్టుకోవడం కూడా చేతకానివాడికి పందేలెందుకు, అనుకుంది.

వంతెన దగ్గర ఆమె కాళ్లు ఇక రామన్నాయి. గోడ పట్టుకుని కూలబడబోయింది.

"కూర్చో, కూర్చో! పిల్ల అత్తనే అమ్మా అంటోందిగా. నీకెందుకీ తిప్పలు?"

ఆమె గోడ వదిలేసింది. ఏడుస్తూ, ఆయన్ని నోటికొచ్చినట్టు తిడుతూ పరిగెత్తింది. వెనకనుంచి ఇంకోసారి లేసు కేక వినిపించింది, కాస్త నీరసంగా. ఆ తరవాత ఏమీ వినిపించలేదు.

గీత దాటింది. మెడలో పతకం పడింది. ఆ మెరుపు చూసి పిల్ల వదిన చంకలోంచి తనంతట తనే ఆమె మీదకి దూకింది.

పిల్లని గుండెకి అదుముకుని ఆమె అక్కడే నిలబడింది. ముసలాయన వస్తే ఆ పతకం ఆయన ముక్కు ముందు ఆడించాలి.

బండి వచ్చింది. వెనకసీటు ఖాళీ.

"తాత ఏడీ?"

"వంతెన దిగాక ఛాతీ పట్టుకుని కూలిపోయాడమ్మా," అన్నాడు డ్రైవరు. "అంబులెన్సు వచ్చినా ఎక్కితేనా! 'ఆ తల్లి గీత దాటిందా' అని ఒకటే గోల. ఫోన్ చేసి కనుక్కుని, దాటిందని చెప్పాక అప్పుడు ఎక్కాడు."

"ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు?"

"ఏమో. ఈసారి పందేనికి ఆయన పేరే ఇవ్వలేదట. చొక్కాకి నంబరు లేదు. నీకోసం అంత తపించాడని, మీవాడే అనుకున్నా." డ్రైవరు సీటు కిందనుంచి ఒక బూటు తీసి ఇచ్చాడు. "ఎక్కించేటప్పుడు ఊడిపడింది. ఉంచు."

ఆమె బూటు అందుకుని చూసింది. అటూ ఇటూ తిప్పి చూసింది.

ఆ సాయంత్రం పిల్లని చంకనేసుకుని తెలిసిన ఆసుపత్రులన్నీ తిరిగింది. "పేషెంటు పేరు?" అన్నారు అందరూ. ఆమె బూటు చూపించింది.

ఇప్పుడు గేటు పక్క గదిలో, పిల్ల చెప్పుల పక్కన, ఆ బూటు ఉంది.

మీ ఊళ్లో పరుగు పందెం జరిగితే చప్పట్లు కొట్టేసి వెళ్లిపోకండి. ఆఖరి బండి వచ్చేదాకా ఆగండి. దాని ముందు నడిరోడ్డు మీద వంగి, లేసు కట్టుకుంటూ ఒక ముసలాయన కనిపిస్తే ఒంట్లో ఎలా ఉందో కాస్త కనుక్కోండి. గుర్తుపట్టడం తేలికే, ఆయన బూట్లకి లేసులుండవు.